అన్న కూర్చునే ఎత్తు

డిస్కో బీటు కన్నా తేలికైంది డ్రమ్స్‌లో ఇంకోటి లేదని మా అన్న అనేవాడు. కుడికాలు ఆగకుండా ఒకే తీరున పెద్ద డ్రమ్ము మీద పడుతుండాలి. ఒకటి విడిచి ఒకటి చిన్న డ్రమ్ము మీద ఎడమచేతి దెబ్బ. కాలి దెబ్బకూ దెబ్బకూ మధ్య సందులో జోడు తాళాలు కాస్త నోరు తెరిచి మూసుకోవాలి. అంతే. "దుమ్-తిస్-ఠక్-తిస్. గాడిద గూడ కొడ్తది" అనేవాడు. నాకు ఏడు నెలలు పట్టింది. గాడిదలకు నేను క్షమాపణ చెప్పుకోవాలి.

నాకు నలభై మూడేళ్లు. భద్రాచలంలో ఆఫీసుల వీధిలో జిరాక్సు షాపు నాది. అడవి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు దరఖాస్తులు నింపిపెడతాను, ఆధార్ కార్డులు రెండు వైపులా ఒకే కాగితం మీద తీస్తాను. ఈ వయసులో డ్రమ్స్ ముందు కూర్చోవాలని సరదా పడేంత తీరిక నాకు లేదు. మా ఇంట్లో ముగ్గురం, అన్న, వదిన, నేను. వాళ్లకు పిల్లల్లేరు, నాకు పెళ్లి లేదు. ముగ్గురిలో లోకం గుర్తుపట్టే మనిషి అన్న ఒక్కడే. ఇరవై రెండేళ్లుగా ఒకే ఆర్కెస్ట్రాలో డ్రమ్మరు.

ఆర్కెస్ట్రా అంటే పెద్దదేం కాదు. కీబోర్డు వాయించే ఓనరు, పాడేవాళ్లు ఇద్దరు, అన్న. డీజే బాక్సులు వచ్చాక చుట్టుపక్కల ఆర్కెస్ట్రాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇది మిగలడానికి కారణం అశ్వారావుపేట, సత్తుపల్లి వైపు పామాయిల్ తోటల ఆసాములు. యాభై దాటిన మనుషులు, కాలేజీ రోజుల్లో తాము ఎగిరిన డిస్కో పాటలను మనుషులు వాయిస్తుంటే మళ్లీ ఒకసారి ఎగరాలని వాళ్లకు కోరిక. పిల్లలకు డీజే, పెద్దలకు ఆర్కెస్ట్రా. ఆ పాటలన్నీ దండలా గుచ్చి ఆపకుండా వాయించే మెడ్లీ ఒకటి ఉండేది. అది మొత్తం మా అన్న కుడికాలి మీద నడిచేది.

గోదావరి రెండో హెచ్చరిక దాటిన వారం అది. ఓనరు సామాన్లు పెట్టే గది కరకట్ట దగ్గర పల్లంలో ఉంటుంది. నీళ్లు పెరిగితే చాలు డ్రమ్స్ మా ఇంటికొస్తాయి, మాది కాస్త మెట్ట. ఆ వారంలో ఒక సాయంత్రం అన్నే ఆటోలోంచి దించి ముందు గదిలో బిగించాడు. తెల్లవారి పళ్లు తోముకుంటూ బాత్రూం గడప మీద కూలిపోయాడు. ఖమ్మం దవాఖానాలో మూడు వారాలున్నాం. మాట తిరిగొచ్చింది, కొంచెం ముద్దగా. కుడిచేయి సగం వచ్చింది. కుడికాలు రాలేదు. మేం ఇంటికొచ్చేసరికి వరద తీసింది, డ్రమ్స్ మాత్రం ముందు గదిలో అన్న బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

ఓనరు చూడటానికి వచ్చాడు. బత్తాయిల సంచి వదిన చేతికిచ్చి, అన్న మంచం పక్కన కాసేపు కూర్చున్నాడు. తర్వాత నన్ను బయటికి పిలిచాడు.

"డాక్టరేమన్నడు?"

"రోజుకు మూడుసార్లు కాలు కసరత్తు చేపియ్యాలన్నడు. ఆరు నెల్లల్ల లేస్తడేమో అన్నడు."

"గప్పటిదాంక సీట్ల ఎవరో ఒకరు ఉండాలె గదా. బయటోణ్ణి పెడ్తే ఏమైతదో నాకెర్కే. ఎక్కినోడు దిగడు. ఇంటి మనిషి కూసుంటే సీటు ఇంట్లనే ఉంటది. నువ్వు కూసో తమ్మీ. నాయిన ఎనక డప్పు కొట్టినోడివే గదా."

ఆ లైనులో అదొక పద్ధతి. మనిషి మంచాన పడితే ఆ ఇంట్లోంచే ఒకరు వచ్చి కూర్చుంటారు. బాగా వాయిస్తాడా లేదా అని ఎవరూ అడగరు, సీటు ఖాళీగా లేదని నలుగురికీ తెలియడమే ముఖ్యం. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తాం చూడండి, అట్లా. నేను తువ్వాలును. ఆ మాట అన్నతో అంటే పడిపోయాక మొదటిసారి నవ్వాడు, నోరు ఒక పక్కకే వంగింది.

స్టూలు సంగతి ఇక్కడే చెప్పాలి. డ్రమ్మరు కూర్చునే గుండ్రటి స్టూలు, కింద రాడ్డు, రాడ్డుకు మర. మర వదులు చేసి ఎవరి ఎత్తుకు వాళ్లు దించుకోవచ్చు. అన్న నిటారైన మనిషి. తన ఎత్తు దగ్గర రాడ్డుకు తెల్ల ప్లాస్టరు చుట్టి పెట్టుకున్నాడు, ఎవరు కదిపినా మళ్లీ అక్కడికే తెచ్చుకోవడానికి. నేను ఆయన భుజం దాకా వస్తాను, అంతే. మొదటి రోజు కూర్చుంటే నా మడమ నేలకు అందలేదు, కాలి వేళ్లు మాత్రం పెడలు మీద ఊగాయి. మర మీద చెయ్యి వేసి మళ్లీ తీసేశాను. నన్నెవరూ వద్దనలేదు. స్టూలు దించితే అన్న లేవడని నా మనసులో పడింది. మొక్కు అనండి, పిచ్చి అనండి, ఆ తెల్ల ప్లాస్టరు జరగనంత కాలం అది ఆయన సీటే. అన్న ఆ రోజు చూశాడు, ఏమీ అనలేదు.

పొద్దున ఆరింటికి మొదలుపెట్టేవాళ్లం. డ్రమ్ముల మీద పాత చీరలు కప్పేవాళ్లం, పక్కింటివాళ్ల కోసం. అన్న మంచం ముందు గదిలోకి మార్చాం. ఆయన కాలి కసరత్తు కూడా అప్పుడే. వదిన మంచం చివర కూర్చుని ఆయన కుడి పాదం రెండు చేతుల్లోకి తీసుకునేది. నా కాలు డ్రమ్ము మీద పడినప్పుడల్లా ఆమె ఆ పాదాన్ని పైకి వంచి దించేది. అది అన్న ఆలోచనే. "నీ కాలుతోని నా కాలు నేర్చుకుంటది" అన్నాడు. ఫోనులో టిక్కు టిక్కుమని లెక్క కొట్టేది ఒకటి పెట్టాడు, నిమిషానికి నూట ఇరవై. ఆ టిక్కు మీద నా కాలు, నా కాలు మీద ఆయన కాలు. ఆ మొదటి వారాల్లో ఆ గదిలో ఆశ ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

కానీ నేను ఉరికేవాణ్ణి. మొదటి నిమిషం సరిగ్గా ఉండేది. రెండో నిమిషానికి టిక్కు వెనకబడేది, నేను ముందుకు పోయేవాణ్ణి. మూడో నిమిషానికి వదిన చేతులు ఆయన పాదాన్ని అందుకోలేక తడబడేవి.

"ఉరుకుతున్నవ్" అనేవాడు అన్న. మళ్లీ మొదటి నుంచి. "ఉరుకుతున్నవ్ రా. ఎవడు తరుముతుండు నిన్ను? నా కాలు అందుకోదు, జెర నిమ్మలంగ."

పెడలు బిగుసుకుందన్నాను. ఫోను టిక్కు సరిగా వినపడటం లేదన్నాను. "అవ్, ఆడలేక మద్దెల ఓడు" అన్నాడు. నా పిక్కలు సాయంత్రానికి రాయిలా అయ్యేవి. షాపులో జిరాక్సు మిషను కాగితం తర్వాత కాగితం ఒకే తీరున కక్కుతుంటే దాని మీద అసూయ పుట్టేది. ఒకరోజు కౌంటరు కింద కాలు ఆడిస్తూ, కౌంటరు మీద వేళ్లతో కొడుతున్నాను. అడవి ఊరి నుంచి కులం సర్టిఫికెట్టు కోసం వచ్చిన ఒక పెద్దాయన చాలాసేపు విని, "గిది ఏం దరువయ్యా? దీనికి ఎవలూ ఆడుతలేరు గదా" అన్నాడు. ఆయన కాగితాలు ఆయన చేతికిచ్చి పంపేశాను. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

అర్థం కావాల్సింది. మాది దుమ్ముగూడెం వైపు, గోదావరి ఒడ్డున ఒక పల్లె. నాయన డప్పు కొట్టేవాడు, పెళ్లికీ, జాతరకూ, చావుకూ. అన్న పదిహేడేళ్లకే డప్పు వదిలేసి పట్నం బ్యాండులో చేరాడు. నేను నాయన వెనక తిరిగాను, ఆయన పోయేదాకా. ఎండుటాకుల మంట మీద డప్పు కాచి, వేలితో మీటి, ఇక చాలనేవాడు. తర్వాత ఆయన నేర్పిన పాఠం ఒక్కటే. "చేతులు జూడకు బిడ్డా, ఆడేటోళ్ల కాళ్లు జూసి కొట్టు. కాలు ఉడికితే చెయ్యి ఉడకాలె." ఊరేగింపు ముందు ఆడవాళ్ల పాదాలు మొదట బిడియంగా కదిలేవి. వాటిని చూస్తూ మేం కొంచెం జోరు పెంచేవాళ్లం, అది చూసి వాళ్లు పెంచేవాళ్లు, అట్లా ఒకరినొకరు లాక్కుంటూ పోయి చివరకు దుమ్ము లేచేది. మా దగ్గర ఒకే జోరున వాయించేవాణ్ణి చేతకానివాడంటారు. ఇప్పుడు నన్ను ఎవరి కాళ్లూ చూడొద్దని, ఎవరు ఉడికినా నువ్వు ఉడకొద్దని మా అన్న చెబుతున్నాడు. మొక్కై వంగనిది మానై వంగుతుందా?

మొదటి ప్రోగ్రాం మూడో నెలలో పడింది. పాల్వంచ దగ్గర ఒక రిసెప్షను, పగటిపూట. మొదటి రెండు పాటలు ఎట్లాగో గట్టెక్కాయి. తర్వాత డిస్కో మెడ్లీ. ముందు వరసలో ఐదారుగురు ఆడవాళ్లు చెప్పులు విడిచి ఆడటం మొదలుపెట్టారు. అంతే, నా చేతులు నాయన చేతులైపోయాయి. పాడే ఆమెకు ఊపిరి అందలేదు, ఒక లైను సగం మింగేసింది. ఓనరు కీబోర్డు మీంచి తల తిప్పి నన్ను చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది, అందులో కోపం కన్నా భయం ఎక్కువ ఉంది. పాట ముగిసేసరికి ఆడేవాళ్లు కూడా ఆగిపోయి నవ్వుకుంటున్నారు.

"ఎట్లయింది?" అన్నాడు అన్న, ఇంటికి రాగానే.

"మంచిగనే అయింది."

ఓనరు అప్పటికే వీడియో పంపాడట. అన్న ఎడమచేత్తో ఫోను పట్టుకుని దాన్ని నా ముందే పెట్టాడు. పెట్టి, ఎడమచేతి వేళ్లతో మంచం పట్టె మీద నా దెబ్బలు లెక్క వేశాడు. కాసేపటికి ఆయన వేళ్లు కూడా అందుకోలేకపోయాయి. ఫోను పక్కన పడేసి గోడ వైపు తిరిగాడు. ఆయన వీపు కదిలింది. మా అన్న ఏడవగా నేను చూడలేదు, అప్పుడు కూడా చూడలేదు, వీపు మాత్రం చూశాను. నాకు బతకాలనిపించలేదు. ఇట్లా రాస్తే ఎక్కువ చేస్తున్నానని అనుకుంటారేమో, కానీ ఆ సాయంత్రం కరకట్ట మీద కూర్చుని నేను అనుకున్నది అదే. తువ్వాలు కూడా సరిగ్గా వేయలేని మనిషిని.

కనిపెట్టింది వదిన. ఆమె ఆ వీడియో మళ్లీ మళ్లీ చూసింది. పాట వినలేదు, ఆమెకు పాటల గొడవ లేదు. నన్ను చూసింది.

"ఓ మరిదీ, నీ కండ్లెక్కడున్నయో జూస్కున్నవా? మొత్తం ఆళ్ల కాళ్ల మీదనే ఉన్నయి."

అన్న తల ఎత్తాడు. ఫోను లాక్కుని చూశాడు. "నాయిన" అన్నాడు. ఆ రోజు నుంచి తిట్టడం తగ్గించాడు. కళ్లు మూసుకోమన్నాడు. మూసుకున్నాను. ఇంట్లో పనిచేసింది, ప్రోగ్రాముల్లో పనిచేయలేదు. కళ్లు మూసుకున్నా చెక్క స్టేజీ ముందు అడుగుల చప్పుడు వినపడుతుంది, పట్టీలు వినపడతాయి. గోడ మీద బల్లిని చూడమన్నాడు, మైకు స్టాండును చూడమన్నాడు. నా కళ్లు గోలెంలో చేపల్లాగా తిరిగి తిరిగి పాదాల దగ్గరికే చేరేవి. ఓనరు నా మొహం చూడటం మానేశాడు. ఇల్లెందులో ఒక కుర్ర డ్రమ్మరు ఉన్నాడని, బాగా కొడతాడని ఓనరుకు ఎవరో చెప్పారు. అది చెప్పింది మా మంచికి కాదు.

ఐదో నెలలో ఒక పొద్దున వదిన ఉన్నట్టుండి నన్ను ఆపమంది. అన్న పాదం ఆమె చేతుల్లో ఉంది. బొటనవేలు దానంతట అది కదిలిందంది. ముగ్గురం ఆ వేలును చూస్తూ కూర్చున్నాం. అన్న మొహం చెమటతో నిండిపోయింది. మళ్లీ కదల్లేదు. అయినా ఆ రోజు వదిన సేమియా పాయసం చేసింది. అప్పటి నుంచి రోజుకు మూడుసార్లు కాదు, ఐదుసార్లు కసరత్తు. "సంక్రాంతికి కాదు గని ఉగాదికి కూసుంట" అన్నాడు అన్న. "అప్పటిదాంక సీటు పోనియ్యకు తమ్మీ. నీ కాళ్లు మొక్కుత." అన్న అనకూడని మాట అది. నేను చెవులు మూసుకుని షాపుకు పోయాను.

అశ్వారావుపేట ఫంక్షను ఏడో నెలలో వచ్చింది. తోటల ఆసామి ఒకాయన మనవరాలి ఓణీల ఫంక్షను, ఆదివారం మధ్యాహ్నం. ఆసామి అన్నను ఎరిగినవాడు. ఆయనే ఫోను చేసి, "మీ డ్రమ్మర్ని కూడా తీసుకురండయ్యా, చూసి చాన్నాళ్లయింది, కూర్చుని చూస్తాడు, ఓ పూట భోజనం చేసి వెళతాడు" అన్నాడట. మంచి మనసుతోనే అన్నాడు. ఓనరు నాతో మాత్రం వేరేగా అన్నాడు. "ఇయ్యాల గూడ గట్లనే ఐతే నా చేతుల ఏం లేదు తమ్మీ. ఇల్లెందు పిలగాడితోని మాట్లాడిన."

అన్న ప్రోగ్రాముల నల్ల చొక్కా వేసుకున్నాడు. ఏడు నెలల్లో మొదటిసారి గడప దాటడం. కుడికాలి చెప్పు జారిపోతుందని వదిన దానికి తన జడకు కట్టుకునే రబ్బరు బ్యాండు వేసి బిగించింది. దారంతా అన్న కిటికీలోంచి పామాయిల్ చెట్ల వరసలు చూస్తూ కూర్చున్నాడు. షామియానా కింద ఆసామి ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. స్టేజీకి పక్కగా, స్పీకరు పక్కన, ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. తాళాల సందులోంచి నాకు ఆయన నేరుగా కనిపిస్తున్నాడు.

"మొదలెట్టండయ్యా పాతవి" అన్నాడు ఆసామి. "భోజనాలయ్యేలోపు నాలుగు స్టెప్పులు వేసుకోవద్దా!"

మెడ్లీ మొదలైంది. పెద్దవాళ్లు లేచారు. తెల్ల చొక్కాలు, పట్టుచీరలు, మోకాళ్ల నొప్పులు మరిచిపోయి ఎగురుతున్నారు. రెండో పాటకే నా పిక్కల్లో ఆ పాత దురద మొదలైంది. పాదాలు పిలుస్తున్నాయి. ఇంకొంచెం, ఇంకొంచెం అంటున్నాయి. పాడే ఆమె భయంగా వెనక్కి చూసింది. నేను కళ్లు బలవంతంగా పక్కకు లాగాను. అవి ఎప్పటిలాగే ఇంకో పాదాన్ని వెతుక్కున్నాయి. స్పీకరు పక్కన దొరికింది, రబ్బరు బ్యాండు కట్టిన చెప్పులో.

ఆ పాదం కదలడం లేదు. స్పీకరు దద్దరిల్లుతోంది, కుర్చీ అదురుతోంది, ఆయన ఎడమకాలు తెలియకుండానే తాళం వేస్తోంది. కుడి పాదం మాత్రం నేల మీద పెట్టింది పెట్టినట్టే ఉంది. నా కాలు దాన్ని చూసి నెమ్మదించింది. ఉడకని పాదాన్ని చూస్తే చెయ్యి ఉడకదు, నాయన చెప్పింది అదే కదా. దుమ్-తిస్-ఠక్-తిస్. మూడో పాట, నాలుగో పాట. ఏడు నెలల్లో స్టేజీ మీద మొదటిసారి నా కాలు గీత తప్పకుండా నడిచింది. ఇక ఈ మాట రాయకపోతే నేను ఈ కాగితాలు చించేయాలి. ఏడు నెలలు ఆ పాదం కదలాలని మొక్కినవాణ్ణి, ఆ పూట దాన్ని చూస్తూ, కదలొద్దు, ఇప్పుడు కదలొద్దు, పాట అయ్యేదాకా కదలొద్దు అనుకున్నాను. బొటనవేలు గుర్తొచ్చి భయపడ్డాను కూడా.

తల ఎత్తేసరికి అన్న నన్ను చూస్తున్నాడు. మొదట సంతోషంగానే చూస్తున్నాడు, ఎడమచేయి తొడ మీద తాళం వేస్తోంది. తర్వాత నా కళ్లు మళ్లీ ఎక్కడికి దిగాయో చూశాడు. తను కూడా కిందికి చూసుకున్నాడు. చెయ్యి ఆగింది. ఆఖరి పాట మధ్యలో భుజం మీది తువ్వాలు ఎడమచేత్తో తీసి ఆ పాదం మీద వేసుకున్నాడు. నా కాలు అప్పుడు కూడా తప్పలేదు. తువ్వాలు కింద కూడా అది కదలడం లేదని నాకు తెలుసు.

చప్పట్లు మోగాయి. ఆసామి స్టేజీ ఎక్కి నా భుజం తట్టాడు. తిరిగి వస్తూ బండిలో ఓనరు నోరు మూయలేదు. "ఇగ ఢోకా లేదు. ఇల్లెందు పిలగాడు గిలగాడు ఎవడొద్దు. డ్రమ్మరు దొరికిండు నాకు." అన్న వింటున్నాడన్న సంగతి ఆ మనిషికి తట్టలేదు. వదిన గట్టిగా దగ్గింది.

"అవ్" అన్నాడు అన్న, కిటికీలోంచి చూస్తూనే. "దొరికిండు."

మర్నాడు పొద్దున నేను స్టూలెక్కి కూర్చున్నాను. వదిన వచ్చి పాదం చేతుల్లోకి తీసుకుంది. అన్న ఆ పాదాన్ని ఆమె చేతుల్లోంచి ఎడమకాలితో పక్కకు నెట్టేశాడు. "ఊకె ఎందుకే గుంజుతవ్, నొస్తుంది" అన్నాడు. నొప్పి తెలియని కాలు అది. ఆ పూటే కాదు, ఆ రోజే కాదు, మళ్లీ చేయనివ్వలేదు. వదిన తిట్టింది, ఏడ్చింది, అన్నం తినడం మానేసింది. కసరత్తు నేర్పే దవాఖానా అతన్ని ఇంటికి పిలిస్తే నిద్రపోతున్నట్టు పడుకున్నాడు. "నువ్వన్న చెప్పు మరిదీ, నీ మాట ఇంటడు" అంది. నేను ఏం చెప్పను? నీ పాదాన్ని చూసి నీ సీటు గెలిచాను, లేచి కసరత్తు చెయ్యి అని చెప్పనా? చెప్పలేకపోయాను. ఆర్కెస్ట్రాకు వరసగా ఫంక్షన్లు వచ్చాయి. అన్న రాకపోయినా నాకు ఆ పాదం ఎక్కడికైనా వచ్చేది. ఆడేవాళ్ల పాదాల మధ్యలో దాన్ని మనసులోంచి తెచ్చుకుని చూస్తూ వాయించేవాణ్ణి, ఒక్కసారి కూడా ఉరకలేదు.

ఉగాది వెళ్లిన వారానికి, ఒక పొద్దున అన్న పిలిచాడు. "ఆ స్టూలు ఇటు తే."

తెచ్చి మంచం పక్కన పెట్టాను. ఎడమచేతి గోటితో రాడ్డు మీది తెల్ల ప్లాస్టరు అంచు లేపడం మొదలుపెట్టాడు. ఏళ్ల నాటిది, జిగురు పట్టి ముక్కలు ముక్కలుగా వస్తోంది. "వద్దు అన్నా" అన్నాను. వినలేదు. మొత్తం ఊడదీసి, చిన్న ఉండ చేసి, మంచం కిందికి విసిరేశాడు. తర్వాత మర వదులు చేయబోయాడు, ఒక చేత్తో కాలేదు.

"పట్టుకో" అన్నాడు.

నేను స్టూలు పట్టుకున్నాను. ఆయన మర తిప్పాడు. సీటు జారి కిందికి దిగింది. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఇంకొంచెం దించి, బిగించాడు.

"పొట్టోడివి. గంత ఎత్తు మీద ఇన్ని నెల్లు ఎట్ల కూసున్నవ్‌రా? మొదటి దినమే చెప్పాలనుకున్న." వేళ్లకంటిన జిగురు దుప్పటికి తుడుచుకున్నాడు. "చెప్పబుద్ధి కాలేదు."

పోయి కూర్చున్నాను. నా మడమ నేలకు ఆనింది. పాదం మొత్తం పెడలు మీద పరుచుకుంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను, ఆ హాయి కోసం నన్ను నేను క్షమించుకోలేను. కొట్టమన్నాడు. కొట్టాను. కొంచెంసేపు సరిగ్గా కొట్టి, కావాలనే ఉరకడం మొదలుపెట్టాను. నూట ఇరవై దాటించాను, నూట ముప్పై దాటించాను, నాయనతో జాతరలో కొట్టినంత జోరుకు తీసుకుపోయాను. తిట్టు అన్నా, ఉరుకుతున్నవ్ అను, ఎవడు తరుముతుండు నిన్ను అను, అని మనసులో బతిమాలుతున్నాను. వంటింటి గడపలోకి వదిన వచ్చి నిలబడింది.

"మంచిగనే ఉందిరా" అన్నాడు అన్న. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నేను ఉరుకుతూనే ఉన్నాను. మడమ నేలకు ఆని ఉంది, పిక్కల్లో నొప్పి కూడా లేదు.